తాటాకు బుట్ట అల్లేటప్పుడు నిలువు పాయలు లెక్కపెట్టుకోండి

చెన్నైలో మా పక్కింటి పాటి (తమిళంలో బామ్మ) దగ్గర తాటాకు బుట్ట అల్లడం నేర్చుకుంటున్నాను. మొదటి బుట్టకి అడుగు చక్కగా వచ్చింది. ఇటు ఆరు, అటు ఆరు పాయలు పెట్టి, ఒకటి పైన ఒకటి కింద అల్లాను. అంచులు పైకి మడిస్తే, ఒక్కో పాయకి రెండు కొసలు కాబట్టి, నిలువు పాయలు 24 అయ్యాయి. ఒకే పొడవాటి ఆకుతో చుట్టూ అల్లుకుంటూ వస్తే రెండో వరస అచ్చం మొదటి వరసలాగే పడింది. అల్లిక పట్టలేదు, ఆకు జారిపోయింది.

కారణం సరి సంఖ్య. ఆగకుండా చుట్టాలంటే నిలువు పాయలు బేసిగా ఉండాలి. పాటి ఒక పాయని గోటితో నిలువుగా రెండుగా చీల్చింది, 25 అయ్యాయి! ఇక మొదటి వరసలో పైనుంచి వెళ్లిన చోట రెండో వరస కిందనుంచి వెళ్తుంది. వరస వరసకీ వేరే ఆకు వాడితే మాత్రం సరి సంఖ్యయినా పర్వాలేదు.

ఇంకొకటి, ఆకుని నీళ్లలో నానబెట్టేయకండి. తడి టవల్లో చుట్టి ఉంచితే చాలు. బాగా నానిన ఆకు ఆరాక కుంచించుకుపోయి సందులు పడతాయి. మూలల దగ్గర బట్టల క్లిప్పులు పెట్టుకోండి, చేతులు ఖాళీగా ఉంటాయి.