అద్దాల గోడల ఎండ లెక్క – 4వ పాఠం: జూన్ మధ్యాహ్నం ఒక్కటే చూస్తే చాలదు

పోయిన పాఠంలో లోపలికి వంగిన, 70 మీటర్ల ఎత్తు, 30 మీటర్ల వెడల్పున్న అద్దాల గోడ తిప్పికొట్టే ఎండ ఎక్కడ గుమిగూడుతుందో, ఎన్ని రెట్లవుతుందో లెక్క కట్టమన్నాను. చాలామంది నాభిని, అంటే కిరణాలు కలిసే చోటును, గోడకు 100 మీటర్ల దూరంలో పెట్టారు. 100 మీటర్లు వంపు వ్యాసార్థం. నాభ్యంతరం, అంటే గోడ నుంచి నాభికి దూరం, అందులో సగం, 50 మీటర్లు. స్కూల్లో చదివిన పుటాకార దర్పణం సూత్రమే ఇది, మళ్లీ చెప్పను.

ఇంకొందరు ఎండ వందల రెట్లు పెరుగుతుందని రాశారు. గోడ నునుపైన వంపు కాదు, ఒకటిన్నర మీటర్ల చదును పలకల వరుస. 30 మీటర్ల వెడల్పుకు 20 పలకలు. ఒక్కో పలక తన వెడల్పంత వెలుగు పట్టీ వేస్తుంది, నాభి దగ్గర అన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. కాబట్టి మహా అయితే 20 రెట్లు. దాన్ని పరావర్తన శాతంతో, అంటే అద్దం ఎంత శాతం వెలుగు తిప్పికొడుతుందో దానితో, గుణించండి: 10 శాతం అద్దమైతే రెండు ఎండలు (మామూలు ఎండకు రెండు రెట్లు), 30 శాతం తిప్పికొట్టే కోటింగ్ అయితే ఆరు. నేరుగా పడే ఎండ దీనికి అదనం. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు వల్ల పట్టీ అంచులు కొంత చెదురుతాయి. నేనది వదిలేస్తాను, అసలు కంటే ఎక్కువ వేడి చూపిస్తే నష్టం లేదు.

ఇక అసలు చిరాకు. "జూన్ 21 మధ్యాహ్నం చూశాం, ప్రమాదం లేదు" అని రాసేస్తారు. నిలువు గోడ మీద ఎంత కోణంలో ఎండ పడితే అంతే కోణంలో కిందికి దిగుతుంది. లండన్‌లో జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 62 డిగ్రీలు. 70 మీటర్ల గోడ పైఅంచు నుంచి దిగిన కిరణం కూడా 37 మీటర్లకే నేల తాకుతుంది. నాభి 50 దగ్గర, అంటే కిరణాలు ఇంకా పూర్తిగా కలవకముందే. అందుకే ఆ రోజు క్షేమంగా కనిపిస్తుంది. విషువత్తు రోజున (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) ఎత్తు 38.5 డిగ్రీలు: 40 మీటర్ల ఎత్తున్న పలకల వెలుగు సరిగ్గా 50 మీటర్ల దగ్గర నేల మీద కలుస్తుంది. ఎండ తగ్గింది, ప్రమాదం పెరిగింది! లండన్ 20 ఫెంచర్చ్ స్ట్రీట్ భవనం కింద ఆపిన జాగ్వార్ కారు ప్లాస్టిక్ భాగాలు కరిగింది కూడా 2013 ఆగస్టు చివర, సూర్యుడు 48 డిగ్రీలకు దిగినప్పుడు.

గోడ బయటికి వాలితే వాలును రెట్టింపు చేసి సూర్యుడి ఎత్తు కోణానికి కలపండి. 5 డిగ్రీల వాలుకు కిరణం 10 డిగ్రీలు నిటారుగా దిగుతుంది, వెలుగు గోడ మొదలుకు దగ్గరవుతుంది.

ఈ ప్రమాదానికి విరుగుడుగా అద్దాలకు అంటించే ఫిల్మ్ మీద నాకు నమ్మకం లేదు. ఫెంచర్చ్ స్ట్రీట్‌లో 2014లో పెట్టినట్టు అద్దాల ముందు ఎండను ఆపే అడ్డపట్టీలే మేలు, అవి కూడా లెక్కలో తేలిన ఎత్తులోనే. లాస్ ఏంజెలిస్ డిస్నీ కన్సర్ట్ హాల్‌లో మెరుగు పెట్టిన ఉక్కు రేకును 2005లో గరుకు చేశారు. లోహానికైతే అదే సులువు.

అభ్యాసం: ఇదే గోడను హైదరాబాద్‌లో (17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం) దక్షిణ ముఖంగా నిలబెట్టండి. ప్రతి నెల 21న ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా గంటగంటకూ నాభి ఏ ఎత్తున, ఎంత దూరంలో ఉందో పట్టిక వేయండి. సూర్యుడు గోడకు ఎదురుగా కాక పక్కకు జరిగితే, నాభ్యంతరాన్ని ఎదురు దిక్కు నుంచి ఎన్ని డిగ్రీలు జరిగాడో ఆ పక్క కోణం కొసైన్‌తో గుణించాలి. డిసెంబరు గడులు జాగ్రత్తగా చూడండి. మే 21 గడులన్నీ ఖాళీగా వస్తే తప్పనుకుని చెరపకండి, ఆ రోజు సూర్యుడు దక్షిణ గోడ వైపు రానే రాడు.