పరాయి దేశంలో పంటి పోటు వస్తే: రూట్ కెనాల్ గురించి కొత్తగా వచ్చినవారికి

కొత్త దేశంలో దిగిన మొదటి నెలల్లో ఇల్లు, బ్యాంకు ఖాతా, ఉద్యోగం, చదువు అంటూ తిరుగుతుంటే పళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. పన్ను సలపడం మొదలయ్యాక మాత్రం ఇంకేదీ గుర్తుండదు. అప్పుడు చాలామంది నొప్పి మాత్రలు మింగుతూ, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చూపించుకుందాంలే అని నెట్టుకొస్తారు. దయచేసి అలా చేయకండి. ఫిల్లింగ్‌తో సరిపోయే పన్ను ఆ కొన్ని నెలల్లోనే రూట్ కెనాల్‌కి, అంటే పన్ను లోపల శుభ్రం చేసి నింపే చికిత్సకి వస్తుంది. రూట్ కెనాల్‌తో నిలబడాల్సినది పీకేయాల్సి వస్తుంది.

పైకి రాయిలా కనిపించినా పన్ను లోపల మెత్తటి కణజాలం ఉంటుంది. దాన్ని పల్ప్ అంటారు. నరాలు, రక్తనాళాలు అందులోనే ఉంటాయి. పుచ్చు అక్కడిదాకా చేరినా, పన్ను పగిలినా అది వాస్తుంది. చుట్టూ గట్టి గోడలు కాబట్టి వాపు ఎటూ పోలేదు, అందుకే అంత పోటు.

డాక్టర్ దగ్గర "నొప్పిగా ఉంది" అని ఊరుకోకుండా, ఎలాంటి నొప్పో చెప్పండి. చల్లటిది తగిలినప్పుడు జివ్వుమని, వెంటనే తగ్గిపోతే పల్ప్ ఇంకా కోలుకోవచ్చు. చల్లటిదో వేడిదో తీసేశాక కూడా అర నిమిషానికి పైగా లాగుతూనే ఉన్నా, పడుకోగానే ఎక్కువైనా, ఏదీ తగలకుండానే నిద్రలోంచి లేపేసినా చాలావరకు రూట్ కెనాల్ దాకా వచ్చినట్టే. ఏ పన్నో తేల్చుకోలేకపోతే ఆ మాటే చెప్పండి. పైదవడ నొప్పి కిందిదవడలో ఉన్నట్టు అనిపించడం మామూలే. తట్టి, చల్లదనంతో పరీక్షించి, ఎక్స్‌రే తీసి వాళ్లే కనిపెడతారు.

అన్నిటికన్నా మోసం చేసేది, విపరీతంగా ఉన్న నొప్పి ఉన్నట్టుండి మాయమవడం. హమ్మయ్య అనుకుంటాం. తరచుగా అది పల్ప్ చచ్చిపోయిందన్న సూచన. ఇన్ఫెక్షన్ చప్పుడు లేకుండా వేరు కొన దాటి ఎముకలోకి పాకుతుంది. వెంట తెచ్చుకున్న యాంటీబయాటిక్ వేసుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. చచ్చిన పల్ప్‌లో రక్తం ఆడదు కాబట్టి మందు అక్కడికి చేరదు. లోపల శుభ్రం చేయాల్సిందే. ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక చికిత్స. దీని చుట్టూ ఉన్న భయం చాలావరకు అనవసరం. ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. కింది దవడ పన్ను బాగా వాచి ఉంటే మత్తు ఒక్కసారికి పట్టకపోవచ్చు. నొప్పి తెలుస్తుంటే చెయ్యెత్తండి, మళ్లీ ఇస్తారు, మొహమాటపడకండి. ఆ పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా పల్చటి రబ్బరు షీటు తొడుగుతారు. లోపల కడిగే ద్రవం గొంతులోకి పోకుండా, ఉమ్మి పంట్లోకి రాకుండా అది కాపాడుతుంది. పంటికి పైనుంచి చిన్న రంధ్రం చేసి, సూదుల్లాంటి సన్నటి ఫైళ్లతో వేళ్ల లోపల పల్ప్ ఉండే కాలువలను గీకి శుభ్రం చేస్తారు. వేరు కొన దాకా చేరగానే కొలిచే పరికరం బీప్‌మంటుంది. క్లోరిన్ వాసన వచ్చినా కంగారుపడకండి, అది క్రిములను చంపే ద్రవానిది. చివరికి గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపేస్తారు. ముందు పళ్లకు సాధారణంగా ఒకటే కాలువ, దవడ పళ్లకు మూడు, నాలుగు. అందుకే కొన్ని ఒక్కసారిలో అయిపోతే, కొన్నిటికి రెండు మూడు సార్లు వెళ్లాల్సి వస్తుంది. ఆ తర్వాత కొన్ని రోజులు కొరికితే నొప్పిగా ఉంటుంది. అది రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతుంటే ఫోన్ చేయండి.

డబ్బు సంగతి కుర్చీలో కూర్చోకముందే తేల్చుకోండి. చాలా దేశాల్లో పళ్లకు ఇన్సూరెన్స్ విడిగా ఉంటుంది. ఏడాదికి ఇంత అనే పరిమితి, చేరిన కొన్ని నెలల దాకా పెద్ద చికిత్సలకు వర్తించని నియమం కూడా ఉండొచ్చు. ఎక్స్‌రే, రూట్ కెనాల్, ఆ తర్వాత పన్ను మీద తొడిగే క్యాప్, దేనికెంతో విడివిడిగా కాగితం మీద రాసిమ్మని అడగండి. రూట్ కెనాల్ చెప్పి క్యాప్ చెప్పకపోతే ఆ తర్వాత టెన్షన్ మీదే. స్పెషలిస్టు దగ్గరికి పంపితే అక్కడి ఫీజు వేరు. భరించలేని ఖర్చయితే దగ్గర్లో డెంటల్ కాలేజీ ఉందేమో చూడండి. అక్కడ సీనియర్ డాక్టర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు, సమయం ఎక్కువ పట్టినా చాలాచోట్ల ఖర్చు తక్కువ.

నొప్పి పోయింది కదా అని క్యాప్ మానేయకండి. బాగా గుల్లబడిన దవడ పన్ను క్యాప్ లేకపోతే కొరికేటప్పుడు నిలువునా చీలిపోవచ్చు. అలా చీలితే పీకడం తప్ప దారి ఉండదు. క్యాప్ వేసేదాకా ఆ పక్క గట్టివి నమలకండి, తాత్కాలిక ఫిల్లింగ్ ఊడితే వెంటనే వెళ్లండి. పని పూర్తయ్యాక చివరి ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకోండి. ఊరు మారినా, దేశం మారినా, తర్వాత చూసే డాక్టర్‌కు ఏ కాలువ ఎంతవరకు నింపారో దాంట్లోనే కనిపిస్తుంది.