కృత్రిమ రాయికి రంగు: పైపూత వదిలి పిండిలోనే కలిపాను

ఉప్పునీటి అక్వేరియంలో పెట్టాలని సిమెంటుతో రాళ్లు పోతపోసుకున్నాను. బూడిద రంగు మొహాలు చూడలేక ఊదా రంగు స్ప్రే కొట్టాను. చూడముచ్చటగానే ఉన్నాయి, నెల తిరిగేవరకు. తర్వాత పొలుసులు పొలుసులుగా ఊడిన రంగు పంపు జాలీలో చేరింది. నత్తలు గీకే చోటల్లా బూడిద మచ్చలే.

రాళ్లన్నీ బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి తెల్ల సిమెంటు పిండిలోనే ఎర్ర ఐరన్ ఆక్సైడ్ పొడి కలిపాను, సిమెంటు బరువులో 5 శాతం మించకుండా. అక్కడక్కడ చిటికెడు నల్ల ఐరన్ ఆక్సైడ్ వేస్తే నీడలు వచ్చాయి. అచ్చమైన ఊదా రాలేదు, ఇటుక కలిసిన గులాబీ వచ్చింది. ఊదా కోసం ఆశపడి ఏ పొడి పడితే అది కొనకూడదు. కొన్ని నీలం, ఆకుపచ్చ రంగుల్లో రాగి ఉంటుంది. రొయ్యలకు, నత్తలకు, పగడాలకు రాగి విషం.

అసలు ఓపిక పరీక్షించింది నానబెట్టడమే. కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగుతూ పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 12 దాకా లాగుతుంది. మంచినీటి తొట్టిలో ముంచి రెండు మూడు రోజులకోసారి నీరు మార్చాను. ఒక వారం అదే నీటిలో ఉంచినా పీహెచ్ 8.4 దాటకపోయాకే అక్వేరియంలోకి దించాను. ఏడు వారాలు పట్టింది.

పాత రాయి మీద ఊదా పొరలా పెరిగే కోరలైన్ నాచును కాస్త గీకి నీటిలో వదిలాను. నేను తేలేకపోయిన ఊదాను ఇప్పుడు అదే మెల్లగా పూస్తోంది.