గులాబీల డయల్ వాచీ: ముళ్ల దగ్గర దొరికిన తప్పు

అమ్మమ్మ దాచుకున్న ఆడవాళ్ల జేబు వాచీ నా చేతికొచ్చింది. తెల్లటి ఎనామిల్ డయల్, మధ్యలో చేత్తో వేసిన గులాబీ గుత్తి. భూతద్దంలో చూస్తే ఒక్కో రేకు అంచున వెంట్రుక వాసి గులాబీ రంగు గీత. ఎంత ఓపికగా వేశారో!

కీ ఇస్తే నడిచేది, కాసేపటికి ఆగేది. మెషిన్‌లో మురికేమో అనుకున్నాను. రెండు రోజులు ఆగిన టైములు రాసుకున్నాక అసలు విషయం తెలిసింది: ప్రతిసారీ రెండు ముళ్లూ ఒకదానిపై ఒకటి వచ్చే చోటే ఆగుతోంది. సుమారు 65 నిమిషాలకోసారి అలా కలుస్తాయి. పక్కనుంచి చూస్తే గంటల ముల్లు కొస కొంచెం పైకి లేచి ఉంది.

డయల్ గురించే నా టెన్షన్ అంతా. ఎనామిల్ అంటే రాగి రేకు మీద కరిగించిన గాజు. కాస్త వంగినా చిట్లుతుంది. అందుకే పల్చటి ప్లాస్టిక్ కాగితానికి చీలిక పెట్టి ముళ్ల కిందికి జరిపి, అప్పుడు లీవర్లతో నిమిషాల ముల్లు తీశాను. గంటల ముల్లునూ విడిగా తీసి, కొసను పట్టకారుతో కొద్దిగా కిందికి వంచి మళ్లీ బిగించాను. ముళ్లను చుట్టూ తిప్పి, ఎక్కడా తగలట్లేదని, పైన అద్దానికీ ఖాళీ ఉందని చూసుకున్నాను.

డయల్‌ను తుడవలేదు. బొమ్మ పైన గాజు పూత లేకపోతే రుద్దితే రంగు పోవచ్చు. బ్లోయర్‌తో దుమ్ము ఊదానంతే.

రాత్రంతా ఆగకుండా నడిచింది.