చూపు తగ్గినవాళ్లు మొబిలిటీ స్కూటర్ తీసే ముందు

మొబిలిటీ స్కూటర్ అంటే నడక కష్టమైనవాళ్లు కూర్చుని వెళ్లే బ్యాటరీ బండి. ముందు కళ్ల సంగతి. బ్రిటన్‌లో ఈ స్కూటర్‌కి చట్టప్రకారం కంటి పరీక్ష లేదు. అయినా 12.3 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు చదవగలగాలని అక్కడి ప్రభుత్వం చెబుతుంది. మన వీధిలో ఆగి ఉన్న కారుతోనే చూసుకోవచ్చు. చదవలేకపోతే ఒంటరిగా వెళ్లొద్దు.

గ్లాకోమా (పక్క చూపు తగ్గించే కంటి జబ్బు) ఉంటే ఇంకో చిక్కు. నంబరు బాగానే కనిపిస్తుంది, పక్కనుంచి దూరే ఆటో కనపడదు! అందుకే తల పూర్తిగా తిప్పి చూడాలి. శుక్లాలున్నవాళ్లకి ఎదురు లైట్లు కళ్లలో కొడతాయి, చీకటి పడ్డాక బండి తీయొద్దు.

– స్పీడ్ నాబ్ తక్కువలో ఉందా? తడిమి చూడండి.
– ఫ్రీవీల్ లివర్ (బండిని చేత్తో తోయడానికి చక్రాల్ని మోటారు నుంచి విడదీసే మీట) డ్రైవ్‌లోనే ఉండాలి. లేకపోతే వాలులో బండి నడిపే హ్యాండిల్ లివర్ వదిలినా బండి ఆగదు.
– ఛార్జింగ్, హారన్.

ఇక దారి. విజయవాడలో అసలు టెన్షన్ ఇదే. సాయంత్రం బీసెంట్ రోడ్డు జోలికి పోకండి, తోపుడు బళ్ల మధ్య చూపున్నవాళ్లకే దారి దొరకదు. కాలవ గట్ల మీద అంచుకి దూరంగా ఉండండి. వాన నీళ్లు నిలిచిన చోట దిగొద్దు, కింద మూతలేని డ్రైన్ ఉండొచ్చు. బెంజ్ సర్కిల్ దాటాలంటే మాత్రం మనిషి తోడు కావాల్సిందే. ఇందులో మొహమాటం అనవసరం, మనవణ్ణయినా పిలవండి.