బ్రిటన్‌లో తొలి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఒక్క పేజీ సీవీ

తిరుపతిలోనో చిత్తూరులోనో బీటెక్ చదివి, మాస్టర్స్ కోసం బ్రిటన్ వచ్చి, ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కాలేజీలో ప్లేస్‌మెంట్లప్పుడు చేసుకున్న మూడు పేజీల రెజ్యూమెనే చాలామంది ఇక్కడి కంపెనీలకూ పంపుతున్నారు. మీకు ఏ పని వచ్చో అందులో రెండో పేజీ చివర గానీ కనిపించదు. కొత్తగా చదువు ముగించినవారికి ఒక్క పేజీ చాలు.

ముందు కొన్ని తీసేయండి. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, మతం, పాస్‌పోర్టు నంబరు ఏవీ వద్దు. వయసు, మతం, వివాహం వంటివాటిని బట్టి ఉద్యోగాల్లో వివక్ష చూపడాన్ని ఇక్కడ 2010 నాటి సమానత్వ చట్టం నిషేధించింది. అందుకే కంపెనీలు ఆ వివరాలు సీవీలో కోరవు. ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అనే వాక్యం, కింద సంతకం కూడా అక్కర్లేదు. పూర్తి చిరునామా బదులు ఉంటున్న ఊరు, ఇక్కడి ఫోన్ నంబరు ఇవ్వండి.

చదువుకు మూడు నాలుగు వరుసలు మించకూడదు. మాస్టర్స్ పైన, బీటెక్ కింద. ఎంసెట్ ర్యాంకు కోసం మీరు పడ్డ కష్టం నాకు తెలుసు, కానీ ఇక్కడివారికి ఆ సంఖ్య ఏమీ చెప్పదు. అనుబంధ కాలేజీలో చదివినవారు డిగ్రీ ఇచ్చిన జేఎన్‌టీయూ అనంతపురం పేరు కూడా రాయాలి. సీజీపీఏను ‘10కి 7.8’ అని స్పష్టంగా రాయండి.

మిగిలిన చోటంతా ప్రాజెక్టులకే ఇవ్వండి. ఉదాహరణకు మీరు దామలచెరువు మామిడి మండీ ధరల యాప్ చేశారనుకుందాం. ‘మామిడి ధరల యాప్, జావా, మైఎస్‌క్యూఎల్, నలుగురి బృందం’ అని వదిలేస్తే, మీరు కోడ్ రాశారో రికార్డు ప్రింటు తీయించారో ఎవరికి తెలుస్తుంది? ఇలా రాసి చూడండి: ‘తోతాపురి ధరలు నమోదు చేసే భాగం నేను రాశాను. సిగ్నల్ లేనప్పుడు ధర ఫోన్‌లోనే నిల్వ ఉండి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కు చేరుతుంది. ఒకే ధర రెండుసార్లు నమోదు కాకుండా తనిఖీ పెట్టాను.’ ఇంటర్వ్యూలో ‘రెండు ఫోన్ల నుంచి వేర్వేరు ధరలు వస్తే?’ అని అడుగుతారు. ఆ పని చేసింది మీరే కాబట్టి తడుముకోకుండా చెప్పగలరు. దామలచెరువు పేరు ఇక్కడివారికి తెలియదు, ‘దక్షిణ భారతంలోని టోకు మామిడి మార్కెట్’ అంటే అర్థమవుతుంది.

డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టు సీవీలో ఉంటే ఈరోజే తీసేయండి. లేని అనుభవాన్ని రాయించుకోవడం ఇంకా ప్రమాదం. ఉద్యోగం కోసం సీవీలో అబద్ధాలు రాస్తే 2006 నాటి మోసాల చట్టం కింద నేరం కావచ్చు. ఇంటి దగ్గర అప్పు చేసి పంపిన తల్లిదండ్రులు గుర్తొచ్చి తొందరపడతారని తెలిసే ఇంత గట్టిగా చెబుతున్నాను. సొంతంగా రాసిన చిన్న ప్రోగ్రామ్ ఒక్కటున్నా, దాని కోడ్‌ను అందరూ చూడగలిగేలా గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టి, ఆ లింకు ఇవ్వండి.

రెండు నిలువు వరుసలు, పట్టికలు, బొమ్మల గుర్తులు వద్దు. చాలా కంపెనీల్లో సీవీని ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది. మీ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్కడ వరుస కలగాపులగమైతే ఆ సాఫ్ట్‌వేర్‌కూ అలాగే కనిపించే అవకాశం ఉంది.

చదువు ముగిశాక ఇక్కడ పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఉంటే, ఎప్పటివరకు పని చేసే హక్కు ఉందో ఒక వరుసలో చెప్పండి. మాస్టర్స్ చేసినవారికి ఇది రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే.

పంపేముందు మీ కోర్సు చదవని స్నేహితులెవరికైనా అర నిమిషం చూపించి, పేజీ వెనక్కి తీసుకోండి. మీరు ఏం తయారు చేశారో వారు చెప్పలేకపోతే, ప్రాజెక్టుల భాగం మళ్లీ రాయండి.