లాగే కుక్కకి ఏ బెల్టు కొనాలి, ఎలా కొనాలి?

మా బ్రూనో లాబ్రడార్. రెండేళ్లు నిండేసరికి 32 కిలోలున్నాడు. ఒకరోజు పొద్దున్నే అమ్మ వాడిని వాకింగ్‌కి తీసుకెళ్తూ, జారిపోతాడేమోనని గొలుసుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. వీధి మలుపులో ఇంకో కుక్క కనబడగానే వాడు ఒక్క ఉరుకు ఉరికాడు. అమ్మ బోర్లా పడింది. మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉంది.

ఆ సాయంత్రమే నేను పెట్ షాపుకి వెళ్లి "బాగా లాగుతున్నాడండీ, ఏదైనా ఇవ్వండి" అన్నాను. వాళ్లు చోక్ చైన్, అంటే లాగితే మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు, చేతిలో పెట్టారు. వారం వాడాను. బ్రూనో లాగడం మానలేదు కానీ, నడుస్తున్నంతసేపూ వాడి గొంతులోంచి గర్రుగర్రుమని శబ్దం రావడం మొదలైంది. డాక్టరుగారు ఆ చైన్ చూడగానే తీసేయమన్నారు. ఆ వారం వాడిని అలా నడిపించినందుకు నాకు ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. కుక్క లాగేది మొండితనంతో కాదు. దాని నడక మన నడక కన్నా వేగం. పైగా అది లాగిన ప్రతిసారీ మనం వెనకే రెండడుగులు వేస్తాం, అది కోరుకున్న కరెంటు స్తంభం దగ్గరికి చేరిపోతుంది. లాగితే పని అవుతుందని మనమే నేర్పామన్నమాట. అందుకే ఏ బెల్టూ దానంతట అది ఈ అలవాటు మాన్పించలేదు. మనం నేర్పుతున్నన్నాళ్లూ కుక్కకి నొప్పి కలగకూడదు, అది మన చేయి దాటి రోడ్డు మీదకి పోకూడదు. బెల్టు నుంచి ఆశించాల్సింది ఈ రెండే. ఒక్కరోజులో లాగడం మానేస్తుందని చెప్పి అమ్మే వాటికి డబ్బు పోయకండి.

1. కొనేముందు మూడు రోజులు గమనించండి

ఎక్కడ లాగుతోంది? గేటు దాటగానే ఉత్సాహంతోనా, వీధి కుక్కలు కనబడితేనా, టపాసులకో బస్సు హారన్‌కో బెదిరి ఇంటివైపు లాగుతోందా? బెదిరే కుక్క ముందుకే కాదు, వెనక్కి కూడా గుంజుకుని బెల్టులోంచి తల బయటికి తీసేసుకుంటుంది. అలాంటి దానికి పట్టు మరింత గట్టిగా ఉండేది కావాలి.

దగ్గు కూడా గమనించండి. పొమెరేనియన్ లాంటి చిన్న కుక్కల్లో గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోయే జబ్బు తరచూ కనబడుతుంది. బెల్టు లాగినప్పుడు బాతు అరిచినట్టు దగ్గుతుంటే షాపుకి కాదు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. మెడ మీద లాగుడు పడితే కంటిలో ఒత్తిడి కూడా పెరుగుతుంది. కాబట్టి గ్లాకోమా ఉన్న కుక్కలకీ, కళ్లు బయటికి ఉబ్బి ఉండే పగ్, షీట్జూలకీ మెడ బెల్టుకి లీష్ (మనం చేత్తో పట్టుకునే పట్టీ) తగిలించవద్దు.

2. కొలతలు తీసుకోండి

కుక్కని నిలబెట్టి, బట్టలు కుట్టేవాళ్ల టేపుతో రెండు కొలతలు తీయండి. ఒకటి మెడ అడుగున, భుజాలు మొదలయ్యే చోట. రెండోది ముందు కాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ, అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోట. టేపు లేకపోతే పురికొసతో చుట్టి, దాన్ని స్కేలు మీద పెట్టి చూడొచ్చు. బ్రూనో టేపుని ఆటవస్తువు అనుకుని కొరికేస్తుంటే, నాన్న వాడికి గిన్నెలో పెరుగు పెట్టి తినిపిస్తూ ఉండగా నేను కొలిచాను. ఛాతీ 78 సెంటీమీటర్లు వచ్చింది.

ఈ అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఒక కంపెనీ లార్జ్ ఇంకో కంపెనీ మీడియం అంత ఉంటుంది. కుక్క బరువు చెప్పి సైజు అడిగితే తప్పు సైజు వచ్చే అవకాశమే ఎక్కువ. లాబ్రడార్‌కీ రాజపాళయం జాతి కుక్కకీ బరువు ఒకటే అయినా ఛాతీ ఆకారం ఒకటి కాదు. పిల్ల కుక్క అయితే మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ కొలవాలి.

3. ఏ రకం?

ఇక్కడే మనం ఎక్కువగా పొరపాటు పడతాం, కాస్త నిదానంగా చూద్దాం.

మామూలు మెడ బెల్టు మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల వేలాడదీయడానికి పనికొస్తుంది. దాన్ని తీసేయకండి. కానీ బాగా లాగే కుక్కకి లీష్ దాని మీద తగిలించకూడదు, ఆ బలమంతా గొంతు మీదే పడుతుంది.

మన షాపుల్లో బాడీ బెల్ట్ అని అమ్మేదే హార్నెస్. అందులో లీష్ తగిలించే రింగు ఎక్కడుందన్నది చాలా ముఖ్యం. వీపు మీద మాత్రమే రింగు ఉంటే గొంతుకి హాయే కానీ, లాగే కుక్క ఛాతీ బలమంతా పెట్టి ఇంకా బాగా లాగుతుంది. మంచు దేశాల్లో బళ్లు లాగే కుక్కలకి హార్నెస్ కట్టేది బరువు ఒంటిమీద సమంగా పడి తేలిగ్గా లాగగలగాలనే. మా ఇంట్లో మొదట కొన్నది ఇదే. పక్కింటి గేటు దాకా నన్ను ఈడ్చుకెళ్లాడు.

ఛాతీ ముందు రింగు ఉంటే సంగతి వేరు. కుక్క ముందుకి లాగినప్పుడు ఆ రింగు దాని ఒంటిని పక్కకి, మనవైపు తిప్పుతుంది. బలం ముందుకి పోదు. నొప్పీ ఉండదు. నా మాట అడిగితే, ముందూ వీపు మీదా రెండు రింగులూ ఉన్న బాడీ బెల్ట్ కొనండి. నేర్పేటప్పుడు ముందు రింగు, అలవాటయ్యాక వీపు రింగు వాడుకోవచ్చు.

ఇంకో విషయం, ఎదురుగా నిలబడి చూడండి. పట్టీలు ఇంగ్లిష్ వై అక్షరంలా మెడ కింద కలిసి కాళ్ల మధ్య నుంచి వెళ్తే భుజాలు ఫ్రీగా కదులుతాయి. ఒకే పట్టీ రెండు భుజాల మీదుగా అడ్డంగా ఉంటే ప్రతి అడుగుకీ భుజాన్ని ఆపుతుంది. రోజూ గంట నడిచే కుక్కకి అది చిన్న విషయం కాదు.

తలకి వేసే హెడ్ కాలర్ గుర్రం కళ్లెం లాంటిది. తల తిరిగితే ఒళ్లు తిరుగుతుంది, కాబట్టి పెద్ద కుక్కని నడిపే వయసు మళ్లినవాళ్లకి బాగా ఉపయోగపడుతుంది. కానీ ముక్కు మీద పట్టీ ఏ కుక్కకీ మొదట నచ్చదు. రోజుకి రెండు నిమిషాల చొప్పున తినుబండారం ఇస్తూ వారం పది రోజులు అలవాటు చేయాలి. పొడవు తాడు కట్టి పరిగెత్తనివ్వకూడదు, దీంతో విదిలించి లాగకూడదు, మెడ పట్టేస్తుంది. ముక్కు చప్పిడిగా ఉండే కుక్కలకి ఇది నిలవదు.

తల కన్నా మెడ లావుగా ఉండే ముధోల్, రాజపాళయం జాతులకి మామూలు బెల్టు తల మీంచి జారిపోతుంది. లాగినప్పుడు కొంతవరకే బిగిసి ఆగే మార్టింగేల్ కాలర్ వాటి కోసమే ఉంది. అది జారిపోకుండా ఆపడానికి. లాగుడు మాన్పించడానికి కాదు.

చోక్ చైన్, మేకుల కాలర్, కరెంటు షాక్ ఇచ్చే కాలర్ కొనకండి. ఇవి పనిచేసినప్పుడు కూడా నొప్పి వల్లే పనిచేస్తాయి. ఎదుటి కుక్కని చూసినప్పుడల్లా మెడలో గుచ్చుకుంటే, ఆ నొప్పికి ఎదుటి కుక్కే కారణమనుకుని మొరగడం, మీద పడటం మొదలుపెట్టే కుక్కలున్నాయి. వేల్స్ దేశం షాక్ కాలర్లని 2010లోనే నిషేధించింది. గొలుసుల గురించి మన చట్టంలోనూ ఉంది. మరీ పొట్టిగా, మరీ బరువుగా ఉండే గొలుసుతో జంతువుని ఎక్కువసేపు కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ కింద నేరం.

4. షాపులో చేత్తో పట్టి చూడండి

వీలైతే కుక్కని వెంట తీసుకెళ్లండి. రింగు అతుకు పూర్తిగా మూసుకుని ఉందా, సన్నటి సందు ఉందా అని వేలి గోరుతో తడమండి. సందు ఉంటే పెద్ద కుక్క లాగుడికి విచ్చుకుంటుంది. రింగు దగ్గర కుట్టు ఒకే వరసలో కాక అడ్డంగా, నిలువుగా కూడా పడి ఉండాలి. మన ఎండలకి దట్టమైన స్పాంజి పెట్టినవి వద్దు, గాలాడే గుడ్డ చాలు. చిన్న కుక్కకైతే లీష్ కొక్కెం బరువు కూడా చూడండి. రెండున్నర కిలోల కుక్క ఛాతీకి ఇనుప కొక్కెం అడుగడుగునా కొట్టుకుంటుంది.

5. ఇంట్లో వేసి పరీక్షించండి

ప్రతి పట్టీ కింద రెండు వేళ్లు బల్లపరుపుగా దూరాలి. ఎక్కువ దూరితే వదులు, దూరకపోతే బిగుతు. పొట్ట కింది పట్టీ చంకకి తగలకుండా రెండు మూడు వేళ్ల వెనకగా ఉండాలి. ముందు రింగు రొమ్ము ఎముక మీద ఉండాలి, పక్కకి జరిగిపోకూడదు.

తర్వాత తలుపులన్నీ మూసి, కుక్కకి ఎదురుగా నిలబడి లీష్‌ని మెల్లగా మీ వైపు లాగండి. అది వెనక్కి తగ్గుతుంది. తల గానీ కాలు గానీ బయటికి వచ్చేస్తే ఆ బెల్టుతో రోడ్డెక్కవద్దు. బెదిరే కుక్కకైతే హార్నెస్ రింగునీ మెడ బెల్టునీ కలుపుతూ ఇంకో చిన్న పట్టీ తగిలించండి.

6. లీష్

ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పొడవు, చేతికి మెత్తగా ఉండే నైలాన్ లేదా కాటన్ పట్టీ తీసుకోండి. చక్రంలోంచి తాడు సాగుతూ వచ్చేవి వద్దు. అవి ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉంటాయి, లాగితే తాడు పెరుగుతుందని కుక్కకి అర్థమవుతుంది. సన్నటి తాడు అరచేతిని కోసేస్తుంది కూడా. గొలుసు లీష్ కూడా వద్దు.

పట్టుకునే తీరు మాత్రం ఇంట్లో అందరికీ నేర్పండి. కొసన ఉన్న ఉచ్చులో బొటనవేలు దూర్చి, మిగతా పట్టీని అరచేతిలో మడిచి గుప్పిట మూయాలి. మణికట్టుకి, వేళ్లకి చుట్టకూడదు. తప్పనిసరైతే గుప్పిట విప్పేస్తే చేయి విడిపోవాలి.

7. మొదటి వారం

కొత్త బెల్టు వేసి నేరుగా రోడ్డు మీదకి వెళ్లకండి. రెండు మూడు రోజులు ఇంట్లో, మేడ మీద నడిపించండి. లీష్ బిగిస్తే చెట్టులా నిలబడిపోండి, తిట్టొద్దు, వెనక్కి గుంజొద్దు. అది తిరిగి చూసి లీష్ వదులు కాగానే "భేష్" అని ఉడికించిన చికెన్ ముక్క మీ కాలి పక్కన ఇచ్చి మళ్లీ నడవండి. మొదటి రోజు మేడ మీద పది అడుగులు వెయ్యడానికి మాకు పావుగంట పట్టింది. వాసన చూడటానికి కూడా ఆగనివ్వండి, లీష్ వదులుగా ఉన్నప్పుడు మాత్రమే. ఈ పద్ధతి ఇంట్లో అందరూ పాటించాలి. నేను ఆగడం, నాన్న వెంట పరుగెత్తడం జరిగినన్నాళ్లూ బ్రూనో ఏమీ నేర్చుకోలేదు.

ఇంటికి రాగానే బాడీ బెల్ట్ తీసేసి చంకల్లో చూడండి. వెంట్రుకలు రాలి చర్మం గులాబీ రంగులో కనిపిస్తే పట్టీ ఒరుసుకుంటోందని అర్థం. పట్టీల కింద గోమార్లు కూడా దాక్కుంటాయి. వానాకాలంలో తడిసిన బెల్టుని ఆరకుండా మళ్లీ వేయకండి, కురుపులు లేస్తాయి. వారానికోసారి ఉతికినప్పుడు రింగుల దగ్గర కుట్లు లాగి చూడండి. ఒక్క పోగు ఊడినా దాన్ని పక్కన పెట్టి కొత్తది కొనండి.